నేతల జీతం, పాలన నాణ్యత: డిగ్లీపూర్ నుంచి చూస్తే

పార్లమెంటు సభ్యుడి నెల జీతం 1,24,000 రూపాయలు. అయిదేళ్లకు లెక్కగడితే 74 లక్షల 40 వేలు. అండమాన్ నికోబార్ లోక్‌సభ స్థానంలో ఒక అభ్యర్థి పెట్టగల ఎన్నికల వ్యయానికి 2022లో నిర్ణయించిన పరిమితి 75 లక్షలు. ఆ పరిమితి మేరకు ఖర్చుపెట్టి గెలిచిన మనిషి, అయిదేళ్ల జీతంలో ఒక్క రూపాయి ముట్టకుండా దాచినా పెట్టినది తిరిగి రాదు. ఇంకా 60 వేలు తక్కువ పడుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పరిమితి 95 లక్షలు కాబట్టి లోటు 20 లక్షలు దాటుతుంది. ఇది కాగితం మీది లెక్క. అసలు ఖర్చు ఎంతో తెలుగు ఓటరుకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రజాప్రతినిధుల జీతం పెంచితే పాలన బాగుపడుతుందా అన్న చర్చ ఈ లెక్క దగ్గరే మొదలవ్వాలి. జీతం పాలనను మూడు దారుల్లో తాకుతుంది. మొదటిది, పోటీకి ఎవరు దిగుతారన్నది. రెండోది, గెలిచినవారు పదవికి ఎంత సమయం పెడతారన్నది. మూడోది, చేయి చాచవలసిన అవసరం ఎంత ఉంటుందన్నది. ఈ మూడూ అన్ని పదవుల్లోనూ ఒకే తీరుగా పనిచేయవు. పార్లమెంటు మెట్టు మీద దాదాపు కనబడని ప్రభావం పంచాయతీ మెట్టు మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మన దేశంలో వాదోపవాదాలన్నీ పై మెట్టు చుట్టూనే తిరుగుతాయి.

చట్టసభ సభ్యులకు జీతం ఇవ్వాలన్న కోరిక పుట్టింది దురాశలోంచి కాదు. 1838లో బ్రిటన్ కార్మికులు ముందుకు తెచ్చిన ప్రజా చార్టర్‌లోని ఆరు డిమాండ్లలో అదొకటి. జీతం లేని పార్లమెంటు భూస్వాముల, న్యాయవాదుల, వ్యాపారుల సొత్తుగా ఉండేది. కార్మికుల తరఫున గెలిచినవాళ్లు యూనియన్లు ఇచ్చే డబ్బుతో బతికేవారు. 1909లో ఒక న్యాయస్థానం తీర్పు ఆ దారి మూసేసింది. దాంతో 1911లో సభ్యులకు ఏటా 400 పౌన్ల జీతం ఇవ్వక తప్పలేదు. స్వతంత్ర భారతంలో రాజ్యాంగం 106వ అధికరణ జీతాల నిర్ణయాన్ని పార్లమెంటుకే వదిలింది. 1954 చట్టం నెలకు 400 రూపాయలు ఖరారు చేసింది. దానికితోడు రోజుకు 21 రూపాయల భత్యం. అప్పటి నుంచి పెంపు ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ సభ్యులు తమ జీతం తామే పెంచుకుంటున్నారన్న విమర్శ తప్పలేదు. 2010లో 16 వేల నుంచి 50 వేలకు ఎగబాకినప్పుడు అది మరీ ఘాటుగా వినబడింది.

2018లో ఈ ఇబ్బంది నుంచి ఒక దారి దొరికింది. ఆ ఏటి ఆర్థిక చట్టం జీతాన్ని లక్ష రూపాయలు చేసి, అయిదేళ్లకోసారి ద్రవ్యోల్బణ సూచీని బట్టి దానంతటదే మారేలా ఏర్పాటు చేసింది. కోవిడ్ ఏడాదిలో 30 శాతం కోత పడింది. 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా 1,24,000కు పెంచిన నోటిఫికేషన్ 2025 మార్చిలో వెలువడింది. దినభత్యం 2,000 నుంచి 2,500కూ, మాజీల కనీస పింఛను 25 వేల నుంచి 31 వేలకూ పెరిగాయి. నియోజకవర్గ భత్యం, కార్యాలయ ఖర్చులు వేరే. ఎంత పెంచాలో లాభపడేవాడే తేల్చే పద్ధతిని ఒక సూచీకి అప్పజెప్పడం మంచి సంస్కరణే. అయితే అది ప్రజాప్రతినిధుల్లో తక్కువ అవసరం ఉన్నవారికే ముందు దక్కింది. 2024లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో 93 శాతం మంది కోటీశ్వరులని వారి అఫిడవిట్లే చెబుతున్నాయి. అలాంటి సభలో 24 వేల పెంపు ఎవరి నిర్ణయాన్నీ మార్చదు.

డిగ్లీపూర్ నుంచి చూస్తే పదవుల మెట్ల మధ్య ఖాళీలు ఇంకా స్పష్టంగా కనబడతాయి. ఉత్తర అండమాన్‌లో పెద్ద ఊరు ఇది. 732 మీటర్ల శాడిల్ పీక్, ఏరియల్ బే జెట్టీ, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలీపూర్ తీరం, అన్నీ దీని చుట్టుపక్కలే. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు 1950లలో భూములిచ్చి స్థిరపరిచిన ప్రాంతం. దీవుల మొత్తం జనాభాలో, 2011 లెక్కల ప్రకారం, తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు వలస వెళ్లినవారి సంతతి వారిలో చాలామంది. డిగ్లీపూర్ ఉన్న ఉత్తర మధ్య అండమాన్ జిల్లా 2006లో ఏర్పడింది. 2011లో జిల్లా జనాభా 1,05,597. కేంద్రం మాయాబందర్.

ఈ లక్ష మందికి ఎమ్మెల్యే లేరు. అండమాన్ నికోబార్‌కు శాసనసభే లేదు. లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన కింద ప్రధాన కార్యదర్శి, జిల్లాలో డిప్యూటీ కమిషనర్ పాలిస్తారు. చట్టాలకు బదులు 240వ అధికరణ కింద రాష్ట్రపతి రెగ్యులేషన్లు చేయవచ్చు. 1967 దాకా లోక్‌సభ సభ్యుణ్ని కూడా రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. పుదుచ్చేరిలో భాగమైన తెలుగు యానాం పరిస్థితి వేరు. 2011లో అక్కడి జనాభా 55,626. అయినా వారి కోసం జీతం తీసుకునే ఒక ఎమ్మెల్యే ఉంటారు, సభలో నిలదీస్తారు, ఒక్కోసారి మంత్రి కూడా అవుతారు. 2021లో యానాం ఓటర్లు కాబోయే ముఖ్యమంత్రి రంగసామినే ఓడించారు. జనాభాలో యానాంకు దాదాపు రెట్టింపున్న ఉత్తర మధ్య అండమాన్‌కు ఆ వెసులుబాటు లేదు. రెండూ కేంద్రపాలిత ప్రాంతాలే. తేడా అల్లా 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం ఒకదాన్ని కలుపుకుని రెండోదాన్ని వదిలేయడంలో ఉంది.

కాబట్టి డిగ్లీపూర్ ఓటరుకు దిల్లీలో ఒక ఎంపీ, ఊళ్లో ఒక పంచాయతీ, మధ్యలో చట్టసభ ఏదీ లేదు. ఎంపీ నియోజకవర్గం ఉత్తరాన ల్యాండ్‌ఫాల్ దీవి నుంచి దక్షిణాన ఇందిరా పాయింట్ దాకా 750 కిలోమీటర్లకు పైనే. ఈ దూరాన్ని జీతభత్యాల చట్టం గుర్తించింది. అండమాన్, లక్షద్వీప్ సభ్యులకు తమ దీవుల మధ్య, దగ్గరి ప్రధాన భూభాగ రేవు దాకా ఓడలో పైతరగతి ఉచిత పాసు ఇవ్వాలని దానిలో ప్రత్యేక నిబంధనే ఉంది.

అధికారుల విషయంలోనూ రాజ్యం ఇంతే జాగ్రత్తగా ఆలోచించింది. దీవుల్లో పనిచేసే కేంద్ర ఉద్యోగులకు ద్వీప ప్రత్యేక విధి భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత దాని రేట్లు మూడు. ఇప్పుడు శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల మూల వేతనంలో 10 శాతం. ఉత్తర మధ్య అండమాన్ లాంటి కష్టమైన చోట్ల 16 శాతం. నికోబార్, లిటిల్ అండమాన్‌లలో 20 శాతం. దూరం, ఒంటరితనం, రవాణా కష్టం పని నాణ్యతను తగ్గిస్తాయనీ, డబ్బుతో కొంతైనా సర్దకపోతే మంచి ఉద్యోగి అక్కడ నిలవడనీ ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు ఇది. డిగ్లీపూర్‌లో బల్ల వెనక కూర్చున్న గుమాస్తాకు వర్తించే ఈ తర్కం ఆ బల్ల ముందు అర్జీ పట్టుకు నిలబడే గ్రామ ప్రధాన్‌కు ఎందుకు వర్తించకూడదో ఎవరూ చెప్పలేదు.

అండమాన్‌లో సర్పంచ్‌ను ప్రధాన్ అంటారు. పంచాయతీ సమితికి ప్రముఖ్, జిల్లా పరిషత్తుకు అధ్యక్ష్. ఈ మూడంచెలకూ ఆధారం 1994 పంచాయతీల రెగ్యులేషన్. ప్రధాన్ పని ఊళ్లోనే ముగియదు. తాగునీటి పైపుకు, రోడ్డు మంజూరుకు, పట్టా తగాదాకు పెద్ద కార్యాలయాలు ఎక్కడుంటే అక్కడికి వెళ్లాలి. డిగ్లీపూర్ నుంచి రాజధానికి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే. ఆస్టిన్ జలసంధి మీద చెంగప్ప వంతెన దాటి, మాయాబందర్, రంగత్ వైపుల మీదుగా, బారాటాంగ్ దగ్గర వాహనాన్ని పడవ మీద ఎక్కించి, జరావా గిరిజన రక్షిత ప్రాంతంలో నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా మాత్రమే కదలాలి. పది పన్నెండు గంటల ప్రయాణం. పోను ఒక రోజు, పనికి ఒక రోజు, రాను ఒక రోజు. రోజు కూలీ మీద, చిన్న వల మీద, ఎకరం వక్కతోట మీద బతికేవారికి ఇది మూడు రోజుల ఆదాయం. దుకాణం నడిపేవాడికైతే కొడుకో తమ్ముడో కూర్చుంటాడు. పదవికి ఇచ్చే మొత్తం ఈ మూడు రోజులను పూడ్చలేకపోతే, చదువూ నిజాయితీ ఎంత ఉన్నా కూలి కుటుంబం మనిషి పోటీకి దిగడు. దిగినా రెండోసారి దిగడు.

దీవుల్లో మరో చిక్కు ఉంది. అక్కడ అన్నిటికన్నా పెద్ద యజమాని ప్రభుత్వమే. చదువుకున్నవాళ్లలో చాలామంది సర్కారు కొలువుల్లో ఉంటారు. కొలువులో ఉండి ఎన్నికల్లో నిలబడే వీలు లేదు. స్థిరమైన జీతం, 16 శాతం అదనపు భత్యం, క్వార్టర్సు, పింఛను ఒకవైపు. అయిదేళ్ల పదవి, చిన్న మొత్తం, తర్వాత ఏమీ లేకపోవడం మరోవైపు. ఇలా ఎన్నికల బరి దానంతటదే కుదించుకుపోతుంది. మిగిలేది సొంత వ్యాపారం ఉన్నవారు, భూమి ఉన్నవారు, ఏదో ఒక పార్టీ భుజాన వేసుకున్నవారు.

జీతం పెంచితే నిజంగా మంచివాళ్లు వస్తారా? దీనికి జవాబు నమ్మకాలతో కాక కొలతలతో చెప్పిన పరిశోధనలు ఈ పాతికేళ్లలో వచ్చాయి. అన్నిటికన్నా పనికొచ్చేది బ్రెజిల్‌ది. 2000 నాటి రాజ్యాంగ సవరణ అక్కడి పురపాలక సభ్యుల జీతానికి జనాభాను బట్టి గరిష్ఠ పరిమితులు పెట్టింది. 10 వేల లోపు జనాభాకు రాష్ట్ర శాసనసభ్యుడి జీతంలో 20 శాతం, 10 నుంచి 50 వేలకు 30 శాతం, ఆ పైన ఇంకా ఎక్కువ. 9,900 జనాభా ఉన్న ఊరికీ 10,100 ఉన్న ఊరికీ మిగతా అన్నిట్లో తేడా ఉండదు, జీతంలో మాత్రం ఉంటుంది. అందుకే ఇది తయారుగా ఉన్న ప్రయోగశాల అయింది. క్లాడియో ఫెర్రాజ్, ఫ్రెడెరికో ఫినాన్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. జీతం ఎక్కువ ఉన్నచోట పోటీ పెరిగింది, ఎక్కువ చదివినవారు వచ్చారు, బిల్లులు ఎక్కువగా ప్రతిపాదించారు, బడులూ ఆస్పత్రుల సౌకర్యాలూ కొంత మెరుగయ్యాయి. ఇటలీలో 5,000 జనాభా గీత దగ్గర మేయర్ల జీతం ఎగబాకే చోట గాల్యార్దుచ్చి, నానిచిని చేసిన పరిశీలన కూడా ఇదే దిశలో ఉంది. ఎక్కువ చదువున్న మేయర్లు వచ్చారు, ఖర్చు పెరగడానికి బదులు తగ్గింది.

పైకి వెళ్లే కొద్దీ ఈ ఫలితం పలచబడుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది. యూరోపియన్ పార్లమెంటు సభ్యులకు 2009 దాకా వారి వారి దేశాల ఎంపీలతో సమానంగా జీతాలుండేవి. ఆ ఏడాది అందరికీ ఒకే జీతం చేశారు. కొన్ని దేశాలవారికి అది పెద్ద పెంపు. మళ్లీ పోటీ చేయాలన్న ఆసక్తి పెరిగింది. పేరున్న విశ్వవిద్యాలయాల్లో చదివినవారి వాటా మాత్రం తగ్గింది. సభకు హాజరు కావడంలో, కష్టపడటంలో తేడా కనబడలేదు. ఫిన్లాండ్‌లో 2000లో ఎంపీల జీతం పెరిగాక మహిళా అభ్యర్థుల విద్యార్హతలు పెరిగాయి, పురుషులవి పెరగలేదు. అప్పటిదాకా జీతం ఎవరికి అడ్డుగా ఉందో అది చెబుతుంది.

ఎక్కువ జీతమే అవినీతికి మందు అనే వాదానికి సింగపూర్‌ను చూపిస్తారు. 1994 శ్వేతపత్రం అక్కడి మంత్రుల జీతాలను ప్రైవేటు రంగంలోని అగ్రశ్రేణి ఆదాయాలతో ముడివేసింది. 2011 ఎన్నికల్లో జనం కోపం చూశాక 2012లో ప్రధాని జీతాన్ని 36 శాతం తగ్గించారు. తగ్గించాకా అది ఏడాదికి 22 లక్షల సింగపూర్ డాలర్లు. అంత జీతాల నడుమే రవాణా మంత్రిగా చేసిన ఎస్. ఈశ్వరన్ కానుకలు స్వీకరించిన కేసులో 2024 అక్టోబరులో 12 నెలల జైలుశిక్షకు గురయ్యారు. అక్కడ అవినీతి తక్కువగా ఉండటంలో జీతం పాత్ర ఎంతో చెప్పడం కష్టం. మంత్రినైనా బోనెక్కించే దర్యాప్తు సంస్థ పాత్ర మాత్రం ఈ కేసులో కళ్లకు కట్టింది.

భారతదేశంలో పై మెట్టు ఆదాయం జీతం కాదని చెప్పే ఆధారం కూడా ఉంది. రేమండ్ ఫిస్మన్, మరో ఇద్దరు పరిశోధకులు ఎన్నికల అఫిడవిట్లను పోల్చారు. గెలిచిన అభ్యర్థుల ఆస్తులు రెండో స్థానంలో నిలిచినవారి ఆస్తుల కంటే ఏటా 3 నుంచి 5 శాతం వేగంగా పెరిగాయి. మంత్రుల విషయంలో ఇంకా ఎక్కువ. ఈ తేడా ముందు జీతం చిల్లర. ఎన్టీ రామారావు, తర్వాత జగన్‌మోహన్ రెడ్డి ముఖ్యమంత్రులుగా నెలకు ఒక్క రూపాయే తీసుకుంటామన్నారు. రూపాయి జీతం త్యాగానికి గుర్తుగా జనంలోకి బాగా వెళుతుంది. కానీ జీతం లేకుండా బతకగలిగినవాడే పాలించాలన్న పాత బ్రిటిష్ ఆచారానికి అది తెలియకుండానే దండం పెడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో అసలు పాఠం కింది మెట్టు మీద ఉంది. 2016లో తెలంగాణ ఎమ్మెల్యేల జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలయ్యాయి. అంతకు ముందు ఏడాది స్థానిక ప్రతినిధుల గౌరవ వేతనాలు పెరిగాయి. జిల్లా పరిషత్ చైర్మన్‌కు 7,500 నుంచి లక్ష రూపాయలు, జడ్పీటీసీకి 10 వేలు, ఎంపీటీసీకి, సర్పంచ్‌కు 5 వేలు. 2021లో మరో 30 శాతం కలిసి సర్పంచ్‌కు 6,500 అయింది. అది ఎమ్మెల్యే మొత్తంలో 2.6 శాతం. బ్రెజిల్‌లో 10 వేల లోపు ఊరికి పెట్టిన 20 శాతం పరిమితిని ఇక్కడ పెట్టి చూస్తే 50 వేలు వస్తుంది. అక్కడి పురపాలక సంఘానికి మన పంచాయతీకి ఉన్న దానికంటే చాలా ఎక్కువ అధికారాలున్నాయి, పైగా అది గరిష్ఠ పరిమితే తప్ప హామీ కాదు. అయినా అంతరం అంతరమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైనప్పుడు వాలంటీర్‌కు నెలకు 5 వేలు ఇచ్చారు. ఊరంతా ఓటేసి ఎన్నుకున్న సర్పంచ్‌కు 3 వేలు.

అలాంటి పదవికి వేలంపాటలు జరుగుతాయి. గుడి కోసమనో, ఊరి బాగు కోసమనో లక్షలు పాడినవారిని ఏకగ్రీవం చేసే ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి పంచాయతీ ఎన్నికలోనూ వార్తల్లోకి ఎక్కుతాయి. తెలంగాణలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 5 వేల పైన జనాభా ఉన్న ఊళ్లో రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర. అయిదేళ్ల గౌరవ వేతనం మొత్తం 3 లక్షల 90 వేలు. పాడినవాడు ఈ 3 లక్షల 90 వేల కోసం పాడడని వేలం వేసేవారికీ తెలుసు. ఇక పనుల సంగతి. ముందు సొంత డబ్బో అప్పో పెట్టి పని చేయించి, తర్వాత బిల్లు కోసం తిరగడం సర్పంచ్‌లకు మామూలైంది. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చేసరికి తెలంగాణ సర్పంచ్‌లు ఎందరో పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కారు. జీతం తక్కువ ఉండటం ఒక కష్టమైతే, ప్రభుత్వానికే అప్పు ఇవ్వగలిగినవాడు మాత్రమే నెగ్గుకురాగల పదవిగా అది మారడం అంతకంటే పెద్ద కష్టం. సగం స్థానాలు మహిళలకు కేటాయించినా, చాలా ఊళ్లలో లెక్కలన్నీ భర్త చేతిలో ఉండటానికి ఈ అప్పుల పద్ధతి కూడా ఒక కారణం. అప్పు పుట్టేది ఆస్తి కాగితం మీద. ఆ కాగితం మీద ఆమె పేరు ఉండదు.

జీతం ఒక్కటే పెంచితే చాలదనడానికి డిగ్లీపూర్ మరో కోణం చూపిస్తుంది. అధికారం లేని పదవికి ఎంత ఇచ్చినా పాలన మారదు. దీవుల్లో నిధుల విడుదల, సిబ్బంది బదిలీ, భూమి, అడవి, రేవు, ఓడల రాకపోకలు అన్నీ పరిపాలన యంత్రాంగం చేతుల్లో ఉంటాయి. ఎమ్మెల్యే లేనిచోట ప్రధాన్ మాటకు శాసనసభలో ప్రతిధ్వని ఉండదు. మిగిలేది దిల్లీలో ఒక్క ఎంపీ వేసే ప్రశ్న. ఎంపీ స్థానిక అభివృద్ధి నిధి ఏటా 5 కోట్లు, అదీ మొత్తం దీవులకు కలిపి. ఇలాంటి చోట పెద్ద జీతం ఇస్తే పదవి ఒక మంచి ఉద్యోగమవుతుంది, అంతే. యూరోపియన్ పార్లమెంటు అనుభవం హెచ్చరించేది కూడా ఇదే.

2005లో టిమ్ బెస్లీ, రోహిణీ పాండే, విజయేంద్ర రావు దక్షిణ భారత గ్రామాలను పరిశీలించి తేల్చిన విషయం ఇక్కడ అక్కరకొస్తుంది. చదువున్న పంచాయతీ నాయకులు పదవిని సొంతానికి వాడుకోవడం తక్కువ. భూమి, రాజకీయ సంబంధాలు పదవి తెచ్చిపెడతాయి గానీ ప్రవర్తనను మార్చవు. ఊళ్లో సమాచారం బాగా పారితే దుర్వినియోగం తగ్గుతుంది. జీతం చేయగల మంచి ఈ క్రమంలో మొదటి భాగానిది. భూమి లేని చదువరి నిలబడగలిగేలా చేస్తుంది. మూడో భాగాన్ని గ్రామసభ, ఆడిట్ నివేదిక, గోడ మీద రాసిన లెక్క చూసుకోవాలి.

వీటి నుంచి ఆచరణకు పనికొచ్చేవి కొన్ని తేలతాయి. దీవుల్లో ప్రధాన్‌కు ఇచ్చే మొత్తాన్ని కష్టప్రాంత భత్యపు రేట్లతో ముడిపెట్టడం కొత్త చట్టం అక్కర్లేని పని. ఆ రేట్ల పట్టిక ఇప్పటికే ఉంది. ప్రయాణ ఖర్చును, పోయిన పనిదినాలను విడిగా చెల్లించడం జీతం పెంచడం కంటే సూటిగా కూలి కుటుంబాలకు చేరుతుంది. పని పూర్తయ్యాక బిల్లుకు గడువు పెట్టి, దాటితే వడ్డీ కట్టడం సర్పంచ్‌కు జీతంతో సమానమైన ఊరట. వీటికయ్యే ఖర్చు పెద్దది కాదు. అండమాన్‌లో గ్రామ పంచాయతీలు వందలోపే.

ఎంపీల జీతం తర్వాతి సవరణ 2028 ఏప్రిల్‌లో, సూచీ ప్రకారం, ఎవరూ అడగకుండానే వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో సర్పంచ్‌ల మొత్తానికి అలాంటి సూచీ లేదు. ప్రభుత్వం తలచుకుని జీవో ఇస్తేనే అది కదులుతుంది.